ఏడో గ్యాలరీ అవతలి క్లాసు

నమోదు 1

అనుమతి వచ్చింది. మనసారా ఇచ్చారని కాదు, నా పోరు పడలేక ఇచ్చి వదిలించుకున్నారు.

మా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవి పెట్టెలు. పైన ఎండకు మనుషులు మాడిపోతున్న రోజుల్లో ఈ బొగ్గుబాయిలోకి దిగినవాళ్లు పంతుళ్ల గొంతులను పెట్టెల్లో పెట్టి తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆ గొంతులే మాకు దిక్కు. ప్రశ్న అడిగితే వినవు, ఎవరైనా స్పృహ తప్పి పడిపోయినా ఆగవు. వానల గురించి చెప్తాయి, బస్సు ప్రయాణాల గురించి చెప్తాయి. ఇక్కడ గాలి ఫ్యాను మొరాయిస్తే ఏం చేయాలో ఒక్క పెట్టెకూ తెలియదు.

ఈ గోల భరించలేకే మా అక్క చంద్రకళ ఒక కోర్సు మొదలుపెట్టింది. విద్యార్థులకు విద్యార్థులే చెప్పుకునే కోర్సు. పేరు డిజైన్ థింకింగ్. పేరు చూసి బెదరక్కర్లేదు. ఎదుటివాళ్ల ఇబ్బంది ఏమిటో వాళ్లనే అడిగి తెలుసుకోవాలి. దాన్ని ఒక్క వాక్యంలో చెప్పాలి. తోచిన ఉపాయాలన్నీ బయట పెట్టాలి. చేతికందిన సామానుతో ఒక నమూనా చేయాలి. ఆ నమూనాను వాళ్ల చేతిలో పెట్టి, ఏం తక్కువైందో చెప్పమనాలి. చెప్పాక, మళ్లీ మొదటికి రావాలి.

అక్క క్లాసు ఏడో గ్యాలరీలో, అంటే బొగ్గు తవ్వి వదిలేసిన ఏడో సొరంగంలో, జరిగేది. ఒకరోజు అక్కడ విషగాలి లేచింది. క్లాసు లోపల ఉండగానే గ్యాలరీ మూసేశారు. మూయకపోతే బాయి మొత్తం పోయేదని అందరూ అంటారు. కావచ్చు. నేనప్పుడు చిన్నపిల్లను, నన్నెవరూ అడగలేదు. ఆ కోర్సునే ఇప్పుడు మళ్లీ నేను నడపబోతున్నాను.

తాళాలన్నీ ఈశ్వరమ్మ దగ్గర ఉంటాయి. బాయిలో ఏ తలుపు తెరవాలో, ఏది మూయాలో చెప్పేది ఆవిడే.

"ఇగో వనమాలా, నాలుగో గ్యాలరీల పెట్టుకో నీ క్లాసు. ఏడో దిక్కు పోయినవంటే కోర్సు బంద్," అంది.

"నాకేం పని అక్కడ?" అన్నాను.

ఇంకో షరతు కూడా ఉంది. కోర్సు నడిపేవాళ్లు ఏం జరిగిందో ఎప్పటికప్పుడు చేతిపలక మీద రాయాలి, అది క్లాసంతా తమ పలకల్లో చదవచ్చు. కాబట్టి జంపయ్యా, నువ్వు క్లాసులో నిద్రపోతే అది కూడా ఇక్కడే వస్తుంది.

నమోదు 2

జంపయ్య నిద్రపోయాడు. సుద్దముక్క విసిరాను. తగిలింది.

వచ్చినవాళ్లలో సగం మంది పెట్టెల నుంచి తప్పించుకోవడానికి వచ్చినవాళ్లే. ఓదెమ్మ ఒక్కతే ముందు వరసలో కూర్చుని నా ప్రతి మాటా రాసుకుంది. అలాంటివాళ్లను చూస్తే కూడా నాకు చిరాకే. నేను తప్పు చెప్తే అదీ రాసుకుంటుంది కదా!

రెండు సంగతులు చెప్పాను, రెండూ అక్క మాటలే. ఒకటి, ఔనా కాదా అని అడగొద్దు. "నీకు చలేస్తోందా" అని అడిగితే, మన చలే వాళ్ల నోట పలుకుతుంది. "నీ సంగతి చెప్పు" అని ఊరుకోవాలి. రెండోది, మనిషి అడిగినదాని కంటే అడగకుండా దాచుకున్నదే అసలు అవసరం. అది పట్టుకోగలిగితే సగం పని అయిపోయినట్టే.

తర్వాత, మీకు బొత్తిగా తెలియని మనిషిని ఒకరిని ఎంచుకోండి అన్నాను. అందరూ మొహమొహాలు చూసుకున్నారు. ఎవరింట్లో పుట్టగొడుగుల కూర మాడిందో పక్క గ్యాలరీకి ముందు తెలిసే ఊరు మాది. తెలియని మనిషిని ఎక్కడినుంచి తెస్తారు? ఈ మాట నాకు ముందే తట్టాల్సింది.

ఓదెమ్మ చెయ్యెత్తింది. "వనక్కా, ఏడో గ్యాలరీ గోడకాడ గాలి గొట్టం ఉన్నది గదా. నా నీళ్ల బిందె దానికి తాకింది. అవతలికెల్లి ఎవలో మల్ల కొట్టిండ్రు. వాళ్లయితే మనకు తెల్వదు."

"బుద్ధుందా నీకు? అక్కడ ఎవరూ లేరు. ఉండరు కూడా," అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. క్లాసు అక్కడితో ఆపేశాను.

అందరూ వెళ్లాక నేను ఒక్కదాన్నే ఏడో గోడ దగ్గరికి వెళ్లాను. మా బాయిలో ఇంటికీ ఇంటికీ మధ్య కబుర్లన్నీ గొట్టం మీద దెబ్బలే. ఒక దెబ్బ ఔను, రెండు దెబ్బలు కాదు. గొట్టానికి నోరు ఆనించి, "ఎవరైనా ఉన్నారా?" అని అరిచాను.

ఒక దెబ్బ వినిపించింది.

నమోదు 3

ఈశ్వరమ్మను తీసుకొచ్చి వినిపించాను. కోర్సు బంద్ అంటుందనుకున్నా. గొట్టానికి చెవి పెట్టి చాలాసేపు విన్నది, తర్వాత గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఆ తలుపు నేనే మూసిన. నా చేతులతోని మూసిన," అంది. నడుము దగ్గరి గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "గీ గోడ పక్కన జంట తలుపుల గదిది. ఇటు తలుపు తెరిస్తే అటుది తెరుసుకోదు. అటుది తెరిస్తే ఇటుది తెరుసుకోదు. సామాన్లు పంపు. మనుషులు మాత్రం పోవద్దు, రావద్దు. నా మీద ఒట్టు."

ఒట్టేశాను. క్లాసును జట్లు చేసి, ఓదెమ్మ జట్టుకు తెలియని మనుషులుగా ఏడో గ్యాలరీవాళ్లనే ఇచ్చేశాను.

వాళ్లు దెబ్బలతోనే జవాబు చెప్తున్నారు కాబట్టి మేం ఔనా కాదా అనే అడగాల్సి వస్తోంది. తప్పే. ఇంకో దారి లేదు. కూర్చోడానికి ఏమైనా కావాలా? ఒక దెబ్బ. తాగడానికి గ్లాసు? ఒక దెబ్బ. దీపం? ఒక దెబ్బ. పిల్లలు ఉత్సాహంగా ఒక కుర్చీ, చెవి ఉన్న ఒక కప్పు, ఒక అద్దాల దీపం చేసి గదిలో పెట్టి తలుపు మూశారు.

మర్నాడు అన్నీ తిరిగొచ్చాయి. కుర్చీకి కాళ్లు కోసేసి ఉన్నాయి, కోసిన చోట నున్నగా చిత్రిక పట్టి ఉంది. కప్పుకు చెవి లేదు. దీపం అద్దాలకు లోపలివైపు నుంచి నల్లగా పూత పూశారు. కోసిన కుర్చీకాళ్లు మాత్రం వెనక్కి రాలేదు.

"ఎట్లాంటి మనుషులక్కా వీళ్లు? కాళ్లు కింద పెట్టుకోరా? చెయ్యితో పట్టుకోరా?" అన్నాడు జంపయ్య. ఈసారి వాడు నిద్రపోలేదు.

అభ్యాసం కోసం ఒకరినొకరు ప్రశ్నలు అడగమంటే ఓదెమ్మ నా దగ్గరికే వచ్చి కూర్చుంది. "చంద్రకళక్క గురించి చెప్పున్రి," అంది. ఔనా కాదా అని అడగలేదు, నేర్చుకుంది. చెప్పాను. అక్క నన్ను తిట్టకుండా అన్నం కూడా పెట్టేది కాదని, తిట్టడంలో ఆవిడకు సాటి ఎవరూ లేరని, ఆ తిట్లు పడకపోతే నాకు రోజు గడిచినట్టే ఉండేది కాదని. ఓదెమ్మ అంతా రాసుకుంది.

నమోదు 4

చేయకూడని పని చేశాను. పిల్లలు లేనప్పుడు గొట్టం దగ్గర కూర్చుని, "నువ్వు చంద్రకళవా?" అని అడిగాను.

ఒక దెబ్బ.

ఏడ్చాను, నవ్వాను కూడా. నేను బాగానే ఉన్నానని చెప్పాను, నీ కోర్సు నేను నడుపుతున్నానని చెప్పాను. నన్ను గుర్తుపట్టావా? ఒక దెబ్బ. వచ్చేస్తావా? ఒక దెబ్బ. ఎంత హాయిగా ఉండిందో రాయలేను.

తిరిగి చూస్తే వెనక జంపయ్య నిలబడి ఉన్నాడు.

"వనక్కా, కోపం జెయ్యకున్రి. ఔనా కాదా అని అడగొద్దని మీరే చెప్పిండ్రు గదా. మీరు వేరే పేరు చెప్పినా గట్లనే ఒక్కటే కొడతరేమో."

నోరు మూసుకుని పని చూసుకోమన్నాను. వాడు వెళ్లిపోయాక గొట్టం దగ్గర నోటికొచ్చిన పేరు ఒకటి చెప్పి, నువ్వు ఆమెవా అని అడిగాను.

ఒక దెబ్బ.

నమోదు 5

మేం ఏమీ పంపలేదు. అయినా పొద్దున జంట తలుపుల గదిలో ఒక వస్తువు ఉంది.

కుర్చీకాళ్ల కర్రతో చేసిన చెయ్యి. మణికట్టు వరకు ఉంది. వేళ్లు మోటుగా ఉన్నాయి, గోళ్లు లేవు, తొందరగా చేసినట్టుంది. నేను చేతిలోకి తీసుకోగానే గొట్టం మీద ఒక దెబ్బ వినిపించింది. ఆగి, మళ్లీ ఒక దెబ్బ. అడుగుతున్నారు.

నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. రెండు దెబ్బలు కొట్టి, "కాదు. చిన్నది. బొటనవేలు లోపలికి వంగి ఉంటుంది, ఫ్యానులో పడి నలిగింది," అన్నాను. సన్నిహితుల దగ్గర చెప్పుకున్నట్టు చెప్పేశాను.

మర్నాడు వచ్చిన చెయ్యి చిన్నది. బొటనవేలు లోపలికి వంగి ఉంది. ఆ మర్నాటిది మెత్తగా ఉంది, గోళ్లున్నాయి. దాన్ని పట్టుకుంటే వెచ్చగా తగిలింది. దేనితో చేశారో జంపయ్య అడిగాడు, చూడ్డానికి మాత్రం దగ్గరికి రాలేదు.

ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది నాకు. అవతల కూడా క్లాసు నడుస్తోంది. వాళ్లకు కుర్చీలతో పని లేదు. కూర్చోడానికి కావాలా, దీపం కావాలా, వచ్చేస్తావా అని మేం అడిగిన ప్రతి ప్రశ్నలోనూ మా సంగతే ఉంది. మేం వాళ్లను తెలుసుకుంటున్నామని సంబరపడ్డాం. వాళ్లు నన్ను తెలుసుకున్నారు. సమస్యను ఒక్క వాక్యంలో రాసుకునే ఉంటారు: ఈ మనిషికి అక్క లేదు.

ఇప్పుడు నమూనాలు పంపుతున్నారు.

నమోదు 6

గొట్టంలోంచి గొంతు వస్తోంది. మొదట ఫ్యాను ఊదినట్టు గాలి మాత్రమే. తర్వాత నా గొంతే, నేను అన్న మాటలే తిరిగొచ్చాయి. ఇంత సన్నగా కాదు అన్నాను. బొంగురు తగ్గించమన్నాను. ఇప్పుడది అక్క గొంతు. కళ్లు మూసుకుని వింటే అనుమానించేందుకు ఏమీ లేదు.

"వనా, తలుపు తియ్యి," అంటుంది. "నువ్వు చెప్పినట్టే చేద్దాం," అంటుంది. "క్లాసు మంచిగ నడుపుతున్నవ్," అంటుంది.

ఈశ్వరమ్మ ఒకసారి విని చెవులు మూసుకుంది. "తాళంచెవి ఇటియ్యి," అంది. ఇస్తానన్నాను, ఇవ్వలేదు. నాకు భయంగా ఉంది. ఆ గొంతంటే కాదు. ఇంకొంచెం సరిగ్గా ఉంటే తలుపు తీసేస్తాను. భయం నా చేతుల గురించే.

ఇంకా తీయలేదంటే కారణం ఉంది. ఆ గొంతులో ఒకటి తక్కువైంది. ఏమిటో నాకు తెలుసు. దాన్ని గొట్టంలో చెప్పలేదు, చెప్పను. ఈ పలక క్లాసంతా చదువుతుంది కాబట్టి ఇక్కడా రాయను. ఆ ఒక్కటి నా దగ్గర ఉన్నంత కాలం వాళ్లకు అక్క కుదరదు, బాయి భద్రంగా ఉంటుంది.

నమోదు 7

ఇవాళ గొట్టం దగ్గరికి వెళ్లేసరికి అది నాకంటే ముందే మొదలుపెట్టింది.

"ఏమే ఉప్పుగల్లూ, చెవులు పనిజేస్తలేవా? ఎన్నిసార్లు పిలవాలె నిన్ను? గింత మొద్దువేందే? నువ్వు క్లాసు చెప్పుడు, వాళ్లు వినుడు! పెట్టెలే నయం. తియ్యి తలుపు, నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయ్."

పగలబడి నవ్వాను. ఏడుపు కూడా వచ్చింది. ఇన్నేళ్లకు ఎవరో నన్ను సరిగ్గా తిట్టారు. చెయ్యి తాళం మీదికి వెళ్లిపోయింది. "ఒట్టేసిండ్రు గదా," అని ఓదెమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరు చెప్పారు వాళ్లకు?" అన్నాను.

ఓదెమ్మ మొహంలో సంతోషం ఉంది, మంచి మార్కులు వచ్చినప్పటి సంతోషం. "నేనే చెప్పిన వనక్కా. మీ పలక చదివిన. ఏదో ఒకటి తక్కువున్నది, దాచుకున్నరు అని తెలిసింది. చంద్రకళక్క మస్తు తిట్టేదని మీరు చెప్పినప్పుడు రాసుకున్న గదా, గదే అయ్యుంటదని గొట్టంల చెప్పిన. మనిషి దాచుకున్నదే అసలు అవసరమని మీరే నేర్పిండ్రు."

ఆ పిల్లను కొట్టడానికి చెయ్యెత్తి, దించుకున్నాను. నేను చెప్పిన పాఠం నాకంటే బాగా నేర్చుకుంది. దేనికని కొడతాను?

"ఉప్పుగల్లు అని కూడా చెప్పావా?"

"అదేంది?" అంది.

చిన్నప్పుడు ఉప్పుకు కరువు. డబ్బాలోంచి ఉప్పుగల్లు దొంగిలించి బుగ్గన పెట్టుకునేదాన్ని. చూసింది అక్క ఒక్కతే. ఎవరికీ చెప్పలేదు, చాటుగా ఆ పేరు పెట్టి పిలిచేది. ఆ పేరు నేను ఎన్నడూ పైకి అనలేదు. ఓదెమ్మకు తెలియదు, గొట్టానికి తెలియదు, ఏ పలకలోనూ లేదు.

అంటే వాళ్లకు ఆ పేరు అక్కే చెప్పి ఉండాలి.

నమోదు 8

ఆలోచించాను. ఈ విద్య అవతలివాళ్లకు ఎలా వచ్చింది? అడగడం, నమూనా చేయడం, తక్కువేమిటో తెలుసుకుని మళ్లీ చేయడం. అచ్చం మా అక్క పద్ధతి. చుట్టూ విషగాలి కమ్ముకున్నా, ఎదుట ఎవరో తెలియనివాళ్లు కనబడితే, మా అక్క ఊరుకునే రకం కాదు. నీ సంగతి చెప్పు అని కూర్చుని ఉంటుంది. వాళ్లు ఆవిడ సంగతి అడిగి ఉంటారు.

ఆవిడ ఉందో, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లే ఉన్నారో నాకు తెలియదు. విషగాలి ఇంకా ఉందో లేదో, అదీ తెలియదు. ఔనా కాదా అని అడిగి తెలుసుకునేది కాదిది. వెళ్లి చూడాలి. ఈశ్వరమ్మకు వేసిన ఒట్టు తప్పుతున్నాను, అందుకు నిజంగా బాధగానే ఉంది. కానీ నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు నన్నడగకుండా ఒక తలుపు మూశారు. ఈసారి నన్ను నేనే అడిగాను.

ఏర్పాట్లు చెప్పాను. నేను గదిలోకి వెళ్లగానే ఓదెమ్మ ఇటు తలుపుకు తాళం వేసి, తాళంచెవి ఈశ్వరమ్మకు ఇచ్చేస్తుంది. అటు తలుపుకు గడియే, తర్వాత నేను అది తీస్తాను. పలక నాతోనే ఉంటుంది.

"మల్ల మీరొచ్చినంక, మీరేనని ఎట్ల తెలుస్తది?" అంది ఓదెమ్మ.

"ఇటు తలుపుకున్న అద్దంలోంచి ఒక్కటే అడుగు. నా మీద మీకు కోపం తెప్పించేదేమిటి అని అడుగు. నేనే అయితే నీ ముందు వరస దగ్గర మొదలుపెట్టి, నన్నడగకుండా గొట్టంలో చెప్పినదాని దాకా, ఊపిరి తీసుకోకుండా చెప్తాను. జంపయ్య నిద్ర గురించి ఒక పూట మాట్లాడతాను. అలా చెప్పలేదంటే తలుపు తీయొద్దు. ఎంత ఏడ్చినా, ఎంత బతిమాలినా తీయొద్దు. రాసుకున్నావా?"

రాసుకుంది. ఈసారి చిరాకు పడలేదు. కాదు, పడ్డాను. అక్షరాలు మరీ గొలుసుకట్టుగా రాస్తుంది, ఎవరు చదువుతారు వాటిని?

వెళ్తున్నాను. కుర్చీ ఒకటి తీసుకెళ్తున్నాను, నా కోసం. కాళ్లున్నది.

నమోదు 9

జంట తలుపుల గదిలో ఉన్నాను. క్షేమంగా ఉన్నాను. అవతల క్లాసు చాలా బాగా జరుగుతోంది. అందరూ చాలా మంచివాళ్లు.

అద్దం అవతల ఓదెమ్మ ఉంది. జంపయ్య ఉన్నాడు. ఈశ్వరమ్మగారు ఉన్నారు. ముగ్గురినీ చూస్తే చాలా సంతోషంగా ఉంది.

ఓదెమ్మ ప్రశ్న అడిగింది. నా మీద మీకు కోపం తెప్పించేదేమిటి అని. ఏమీ లేదమ్మా, నువ్వు చాలా మంచి విద్యార్థివి అన్నాను. జంపయ్య గురించి అడిగింది. పాపం, అలసిపోయి ఉంటాడు, నిద్రపోనీ అన్నాను. జంపయ్య గోడవైపు తిరిగాడు. ఈశ్వరమ్మగారు తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకున్నారు.

ఓదెమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే చెయ్యెత్తి అద్దం మీద రెండు దెబ్బలు కొట్టింది.

పర్వాలేదు. నమూనా మొదటిసారే కుదరదు. ఏం తక్కువైందో చెప్పండి. సరిచేసుకుని మళ్లీ వస్తాను.